బెల్లం పక్కన తొమ్మిది రోజులు

నా చిన్నప్పుడు, నేను నాలుగో తరగతి పాసైన ఏడు, మా ఇంట్లో ఒక పిల్లిపిల్ల ఉండేది. దాని పేరు బెల్లం. కొత్త బెల్లం ముద్ద రంగులో ఉండేదని మా చిన్నబాపు దానికి ఆ పేరు పెట్టాడు. మా నాన్నను బాపు అని, నాన్న తమ్ముణ్ణి చిన్నబాపు అని పిలిచేదాన్ని. ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఇన్నేళ్లలో మా ఇళ్లలోకి ఎన్నో పిల్లులు వచ్చాయి, పోయాయి. వాటిలో సగం నాకు గుర్తు కూడా లేవు. బెల్లం మా ఇంట్లో ఉన్నది నాలుగు నెలలే అయినా, దాని ఎడమ చెవి మీది తెల్ల మచ్చ ఎంత ఉండేదో ఇప్పటికీ వేలితో గీసి చూపించగలను.

మాది మేడిపల్లి పక్కన ఊరు. తాళ్లెక్కి కల్లు గీయడం మా తాతల నాటి పని. మా బాపు, చిన్నబాపు ఇద్దరూ గీసేవాళ్లు. చిన్నబాపుకు పెండ్లి కుదిరిన ఏడు, ఒక పొద్దున తాటిచెట్టు మీద నడుముకు కట్టుకున్న మోకు జారి ఆయన కింద పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుము విరిగింది. కాళ్లలో స్పర్శ పోయింది. కుదిరిన సంబంధం తప్పిపోయింది. అప్పటి నుంచి ఇంటి అరుగే ఆయన లోకం. గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, పొద్దంతా బీడీలు చుట్టేవాడు. మా దిక్కు బీడీలు చుట్టడం ఆడవాళ్ల పని. మొదట్లో దారిన పోయే మగవాళ్లు నవ్వేవాళ్లట. ఆయన తల ఎత్తకుండా ఆకు కత్తిరించుకుంటూ ఉండేవాడట. ఏడాది తిరిగేసరికి, వాడలో ఆయనంత సాపుగా చుట్టేవాళ్లు లేరని ఆడవాళ్లే ఒప్పుకునేవాళ్లు.

ఇంట్లో తిరగడానికి మా బాపు ఒక చెక్కపలకకు చక్రాలు బిగించి ఇచ్చాడు. కానీ వాకిలి దాటి చిన్నబాపు మూడేళ్లుగా బయటికి పోలేదు. బండి కడతామన్నా వద్దనేవాడు. "మంది నన్ను సూసి అయ్యో అంటరు. గది వినుడు నాతోని కాదు" అనేవాడు. మేం కూడా అడగడం మానేశాం.

బెల్లాన్ని మాకిచ్చింది పక్కింటి అక్క. వాళ్ల గడ్డివాములో ఒక పిల్లి ఈని, పిల్లలను ఒక్కొక్కటిగా నోట కరుచుకుపోయి, దీన్ని మాత్రం మరిచిపోయింది. కళ్లు అప్పుడప్పుడే తెరిచిన పిల్ల. చిన్నబాపు దూదివత్తిని పాలలో ముంచి దాని నోట్లో పెట్టేవాడు. బీడీలు చుట్టే వేళ్లు కదా, ఎంత మెత్తగా పట్టుకోవాలో వాటికి తెలుసు. కాస్త పెరిగాక అది ఆయన కాళ్ల మీదే పడుకునేది. ఆయనకు స్పర్శ లేదు గనుక, తల దించి చూస్తే తప్ప అది అక్కడ ఉన్నట్టు తెలిసేది కాదు. "ఎప్పుడచ్చి పన్నదే గిది" అని నవ్వేవాడు. ఆ నవ్వు మళ్లీ విన్నది ఈ పిల్లిపిల్ల పుణ్యమే అని మా అమ్మ అనేది.

అవి ఎండాకాలం సెలవులు. ఆ రోజు బాపు తాటివనంలో ఉన్నాడు. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి అమ్మ కార్ఖానాకు బయల్దేరింది. పోతూ పోతూ, వాకిలి తడిక మూసి గొళ్లెం పెట్టుకొమ్మని, వాడలో కుక్కలు తిరుగుతున్నాయని నాకు రెండుసార్లు చెప్పింది. నేను పెట్టాను కూడా. కాసేపటికి ఐస్‌ఫ్రూట్ బండి గంట వినబడింది. పాత చెప్పు ముక్కలిస్తే ఐస్‌ఫ్రూట్ ఇచ్చే కాలం అది. చూరులో దాచుకున్న తెగిన చెప్పు పట్టుకుని ఉరికాను. తడిక తీశాను. మళ్లీ మూయలేదు.

ఐస్‌ఫ్రూట్ చప్పరించుకుంటూ సందు మలుపు తిరుగుతుంటే చిన్నబాపు అరుపు వినిపించింది. ఆయన అట్లా అరవడం అంతకు ముందు నేనెప్పుడూ వినలేదు. నేను ఉరికి వచ్చేసరికి ఒక నల్ల కుక్క నా పక్క నుంచే దూసుకుపోయింది. వాకిట్లో చాట బోర్లపడి ఉంది. పొద్దున్నుంచి చుట్టిన బీడీలు, ఆకు, తంబాకు అన్నీ దుమ్ములో కలిశాయి. కత్తెర ఒక మూల, చక్రాల పలక ఒక మూల. చిన్నబాపు అరుగు మీద లేడు. వాకిలి నడుమ బోర్లా పడి ఉన్నాడు. మోచేతులు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. కుక్క బెల్లాన్ని నోట కరిచి విదిలిస్తుంటే, చేతికందినవన్నీ విసిరి, అదీ సరిపోక అరుగు మీద నుంచి కిందికి పడిపోయి, మోచేతుల మీద పాకుతూ పోయి విడిపించాడు. ఆయన రెండు చేతుల నడుమ బెల్లం ఉంది. బతికే ఉంది. ముందు కాళ్లతో లేవబోతోంది. వెనక కాళ్లు మాత్రం తడిబట్టలా నేలకు అతుక్కుపోయాయి.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. "గాలికి తడిక తెరుసుకున్నట్టున్నది చిన్నబాపు" అన్నాను. ఆయన నా మొహం చూశాడు. నా చేతిలో కరిగి కారుతున్న ఐస్‌ఫ్రూట్ చూశాడు. అమ్మ వచ్చి నెత్తి కొట్టుకుని తడిక ఎవరు తీశారని అడిగితే, "నేనే సరిగ సూస్కోలే వదినె" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు నిజం చెప్పడం ఇంకా కష్టమైంది.

బెల్లం ఒంటి మీది పళ్ల గాట్లకు అమ్మ పసుపు అద్దింది. పొద్దుగూకే వేళకు బాపు వచ్చాడు. బాపు, అమ్మ గుసగుసగా మాట్లాడుకుంటుంటే చిన్నబాపు లోపలి నుంచి పిలిచి చెప్పాడు, రేపు పొద్దుగాల బండి కట్టమని, కోరుట్ల పశువుల దవాఖానకు పోదామని. "నేను గూడ వస్త" అన్నాడు. బాపు చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. మూడేళ్లుగా ఎవరు బతిమాలినా కదలని మనిషి. ఎవరూ మళ్లీ అడగలేదు, ఎక్కడ మనసు మార్చుకుంటాడో అని.

తెల్లారి బండిలో గడ్డి పరిచి, చిన్నబాపును ఎత్తి కూర్చోబెట్టారు. పాత చీర ముక్కలో చుట్టిన బెల్లం ఆయన ఒళ్లో ఉంది. దారి పొడుగునా ఎవరో ఒకరు ఎదురై ఎటు పోతున్నారని అడిగేవాళ్లు. పిల్లిపిల్లకు దవాఖాన అంటే కొందరు నవ్వారు. ఇంకొందరు పిల్లిని చూసి, ఆయన కాళ్లను చూసి, అయ్యో అన్నారు. చిన్నబాపు అందరికీ ఒకే తీరుగా జవాబు చెప్పాడు. "నడుముకు దెబ్బ తాకింది. సూపిత్తందుకు పోతున్నం." అంతే. ఆ అయ్యోలన్నీ ఆయన ఎట్లా మింగాడో ఆ వయసులో నాకు తోచలేదు. బెల్లం గురించే నా గుబులంతా.

దవాఖాన ముందు నాలుగైదు బర్రెలు, ఒక కుంటుతున్న ఎద్దు, మేకలు ఉన్నాయి. డాక్టరు పెద్దాయన, కళ్లద్దాలు. పిల్లిని చూసి నవ్వలేదు. బల్ల మీద గోనె తీసేసి తెల్లబట్ట పరిపించాడు. పట్టకారు లాంటి చిన్న చిమటాతో బెల్లం ముందు కాలి వేళ్లు నొక్కాడు. అది కాలు గుంజుకుంది. వెనక కాలి వేళ్లు నొక్కాడు. అది నా మొహం చూస్తూ అట్లాగే ఉంది. ఇంకా గట్టిగా నొక్కాడు. నేనే నా కాలు వెనక్కి తీసుకున్నాను.

వెన్నుపూస విరిగిందని, హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయినా దీన్ని మళ్లీ నడిపించేవాళ్లు లేరని డాక్టరు బాపుతో మెల్లగా చెప్పాడు. మూత్రం కూడా తనంతట తాను పోసుకోలేదు. ఇంటికి తీసుకుపోతే పూటపూటకు పొట్ట నొక్కి పోయించాలి. అట్లా కొన్ని రోజులు బతకవచ్చు, కొన్ని నెలలు కూడా బతకవచ్చు. లేదంటే ఒక సూది ఉంది. ఇస్తే నిద్రలోనే పోతుంది. ఏది చేద్దామో ఇంట్లోవాళ్లే చెప్పాలి.

నాకు ఆ సూది మాట అర్థమైంది. బల్ల పట్టుకుని అడిగాను. "మా చిన్నబాపుకు గూడ నడుమిరిగింది సారూ. ఆయనకు గూడ సూదిస్తరా?"

బాపు చెయ్యి లేచింది. చిన్నబాపు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "అడుగనియ్యి అన్నా. అడిగేదే అడిగింది" అన్నాడు. తర్వాత డాక్టరు వైపు తిరిగి, కొన్ని దినాలు చూస్తామని, పొట్ట ఎట్లా నొక్కాలో తనకు చూపించమని అడిగాడు. డాక్టరు ఆయన వేళ్లు పట్టుకుని, దాని పొట్ట మీద పెట్టి నేర్పించాడు. ఆ వంగడంలో చిన్నబాపు తుంటి దగ్గర బట్టకు అంటిన చీము మరక చూసినట్టున్నాడు. మేం బయల్దేరబోతుంటే, రెండు వీధుల అవతల మనుషుల దవాఖాన ఉందని, ఆ పుండు చూపించుకోకుండా ఊరికి పోవద్దని గట్టిగా చెప్పాడు. చిన్నబాపు ఆ పుండును మా అందరి దగ్గరా దాచాడు. పశువుల డాక్టరు చెబితే ఆయన మనుషుల డాక్టరు దగ్గరికి పోయాడని మా ఇంట్లో తర్వాత ఎన్నో ఏళ్లు చెప్పుకునేవాళ్లు.

ఇంటికొచ్చాక నాకు కొత్త బడి మొదలైంది. ఒకే పక్కన ఎక్కువసేపు పడుకోబెడితే పుండ్లు పడతాయని, గంటకోసారి పక్క మార్చాలని, బట్ట ముడుత కూడా గుచ్చుకుంటుందని, తడి తగలకుండా చూడాలని చిన్నబాపు నేర్పాడు. ఇవన్నీ ఆయనకు ఎవరు నేర్పారని నేను అడగలేదు. వేలు ఎక్కడ పెట్టి ఎంత నొక్కితే మూత్రం పోతుందో రెండో రోజుకు నాకూ వచ్చింది. మూడో రోజు బెల్లం ముందు కాళ్ల మీద తనను తాను ఈడ్చుకుంటూ వాకిట్లో ఎండ పడిన చోటికి పోయింది. అక్కడ పడుకుని పిచ్చుకలను చూసింది. పాలు తాగింది. నేను వాడంతా తిరిగి చెప్పాను. చిన్నబాపు లాగే అది కూడా బతుకుతుందని, దానికి కూడా చిన్న చక్రాల పలక చేయమని బాపును సతాయించాను. బాపు సరే అన్నాడు. ఖాళీ అగ్గిపెట్టెలు, దారపు రీళ్లు పోగుచేసి పెట్టుకున్నాను.

రోజూ పొద్దున చిన్నబాపు నన్ను ఒకటే అడిగేవాడు. "ఇయ్యాల దాని దగ్గర ఏం జూసినవ్ బిడ్డా?" బాగుందా అని ఎప్పుడూ అడగలేదు. ఏం చూశావనే అడిగేవాడు. మొదట్లో చెప్పడానికి ఎన్నో ఉండేవి. తోక పట్టుకుంటే తల తిప్పింది, నా వేలు నాకింది, పిచ్చుకను చూసి పళ్లు కటకటలాడించింది. ఐదో రోజు దాటాక చెప్పడానికి ఏమీ లేకుండా పోయింది. అది ఎండలోకి పోవడం మానింది. ధాన్యం గుమ్మి వెనక చీకట్లోకి ఈడ్చుకుపోయి గోడకు మొహం పెట్టుకునేది. పొట్ట నొక్కితే నెత్తురు కలిసిన మూత్రం వచ్చేది. నొప్పికి సన్నగా మూలిగేది. ఒకరోజు తన వెనక కాలును తానే కొరుక్కుని పుండు చేసుకుంది, అది తన కాలే అని తెలియక. పాలగిన్నె పెట్టినది పెట్టినట్టే ఉండేది.

నేను ఆ పాలను ఎవరూ చూడకుండా దోసపాదులో పోశాను. ఖాళీ గిన్నె తెచ్చి, మొత్తం తాగిందని చిన్నబాపుకు చూపించాను. మర్నాడూ అదే చేశాను. ఆ మర్నాడూ అదే. ఆయన గిన్నె చూసి తల ఊపేవాడు.

ఎనిమిదో రోజు పగటిపూట నన్ను పక్కన కూర్చోమన్నాడు. కాసేపు ఆకు కత్తిరించాడు. తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు. "పాలు ఎవలు తాగుతున్రు బిడ్డా?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పాల సంగతి చెప్పాను. అది చెప్పాక ఇంకొకటి కూడా ఆగలేదు. తడిక నేనే తెరిచిపెట్టానని, గాలి కాదని చెప్పాను. "నాకు ఎర్కే" అన్నాడు. నా వల్లే అయిందా అని అడిగాను. నీ వల్ల కాదు బిడ్డా అంటాడనుకున్నాను. ఎవరైనా పిల్లలతో అదే అంటారు.

చిన్నబాపు అట్లా అనలేదు. చాట పక్కన పెట్టాడు. "నువ్వు తడిక పెట్టకపోతివి. నిజమే. నేను ఆ దినం మోకు సరిగ సూస్కోకుంట చెట్టెక్కిన. అది గూడ నిజమే. ఎన్కకు పోయి దిద్దేటియి గావివి. తప్పైంది. తప్పైందని దాని కాడికి పోకుంట దాసుకుంటె అది ఒక్కతె అయితది."

ఆ తర్వాత ఆయన తన సంగతి చెప్పాడు. అంతకు ముందు ఎవరికీ చెప్పలేదనుకుంటాను. పడ్డాక నెల రోజులు చావాలనే ఉండేదట. వచ్చినవాళ్లందరితో, అప్పటికి బతికున్న మా నాయినమ్మ, ఇయ్యాల బాగున్నాడు, ఇయ్యాల మంచిగ తిన్నాడు అని చెప్పేదట. తినలేదని ఆయనకు తెలుసు, ఆమెకూ తెలుసు. అందరూ చుట్టూ ఉన్నారు గానీ ఏం కావాలని ఎవరూ అడగలేదు. ఒకరోజు మా బాపు వచ్చి పక్కన కూర్చుని, ఏడవకుండా అడిగాడట, బతుకుతావా తమ్మీ అని. "నాకు శాన సేపు పట్టింది. బతుకుత అన్న. గప్పటి సంది నా బతుకు నాదైంది. నాకు నోరున్నది బిడ్డా, చెప్పిన. దీనికి నోరు లేదు. నువ్వు దవఖానల అడిగినవ్ గదా, నాకూ దానికీ గిదే తేడా. అది చెప్పలేదు గనుక మనం సూడాలె. మనకు కావాల్సింది గాదు సూసుడు. దానికి కావాల్సింది. నువ్వు పాలు పారబోసింది దాని కోసం గాదు. నీ కోసం."

తర్వాత బెల్లాన్ని తెమ్మన్నాడు. గుమ్మి వెనక నుంచి తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. ఇద్దరం చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాం. అది పిచ్చుకల వైపు చూడలేదు. పిలిస్తే చెవి కదపలేదు. ఊపిరి తీసినప్పుడల్లా పొట్ట వణికేది. దాని బొచ్చు నిగనిగ పోయి, తడిసిన చీపురు పుల్లల్లా లేచి ఉంది. అన్నీ రోజూ చూసినవే. ఆ రోజు మాత్రం చూశాను. "ఏం జూసినవ్ బిడ్డా" అని అడిగాడు. దానికి ఇక్కడ ఉండబుద్ధి కావడం లేదని చెప్పాను. ఆ మాట నా నోటితో చెప్పించడానికి ఆయన ఎనిమిది రోజులు ఆగాడని ఇప్పుడు అనుకుంటాను.

మర్నాడు మళ్లీ అదే బండి, అదే దారి. బాపు ఈసారి ఎవరు పలకరించినా ఎద్దులను ఆపలేదు. బెల్లం నా ఒళ్లో ఉంది. దవాఖాన మెట్ల దగ్గర బాపు దాన్ని తీసుకోబోయి, పిల్ల బయట ఉంటుందిలే అన్నాడు. చిన్నబాపు నన్నే అడిగాడు. బయట ఉన్నా ఎవరూ ఏమీ అనరని, లోపలికి వస్తే మాత్రం అయిపోయేదాకా చెయ్యి తీయకూడదని చెప్పాడు. "దానికి నీ చెయ్యి వాసన తెలుసు" అన్నాడు. నేను లోపలికే పోయాను.

డాక్టరు మమ్మల్ని గుర్తుపట్టాడు. మళ్లీ తెల్లబట్ట పరిపించాడు. ఏం చేయబోతున్నాడో నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. మొదటి సూదికి నిద్రపోతుంది, రెండో సూదికి గుండె ఆగిపోతుంది, నొప్పి తెలియదు. చిన్నబాపును స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆయన ఒక చెయ్యి నా వీపు మీద ఉంది. నా చెయ్యి బెల్లం గదవ కింద ఉంది. మొదటి సూది గుచ్చినప్పుడు అది చిన్నగా మూలిగింది. తర్వాత తల బరువు మెల్లమెల్లగా నా అరచేతిలోకి దిగింది. అప్పటిదాకా ఎప్పుడూ తన తలను తానే మోసుకుంది కదా, అంత చిన్న తల అంత బరువుంటుందని నాకు తెలియదు. వేళ్ల కింద దాని గుండె టకటకా కొట్టుకుంటూ ఉంది. రెండో సూది తర్వాత అది నెమ్మదించింది. ఒకసారి కొట్టింది. ఆగింది. ఇంకోసారి కొడుతుందని చూశాను. అందరూ అట్లాగే నిలబడి ఉన్నారు. నేను ఇంకా చూస్తూనే ఉన్నాను.

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయిపోయింది బిడ్డా. మంచిగ పట్టుకున్నవ్" అన్నాడు. నేను చెయ్యి తీయలేదు. ఎప్పుడు తీయాలో నాకు ఎవరూ చెప్పలేదు. చివరికి చిన్నబాపే నా వేళ్లు ఒక్కొక్కటి విప్పాడు.

మా పసుపు చేను గట్టు మీద దాన్ని పెట్టాం. బాపు గుంత తవ్వాడు. చిన్నబాపు బండి మీది నుంచే చూశాడు. మట్టి కప్పుతుంటే ఆయన ఏడ్చాడు. తాటిచెట్టు మీది నుంచి పడ్డప్పుడు కూడా తమ్ముడు ఏడ్వలేదని బాపు ఆ రోజు అమ్మతో చెప్పడం విన్నాను. నేను పోగుచేసిన దారపు రీళ్లను అమ్మ ఎటో తీసేసింది. నేను అడగలేదు. వారం రోజులు అన్నం సహించలేదు. నిద్రలో చెయ్యి చాచి పక్కన తడుముకునేదాన్నట. మళ్లీ పిల్లిపిల్లను తెచ్చిస్తానని పక్కింటి అక్క అంటే, ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు.

చిన్నబాపు ఆ తర్వాత బయటికి పోవడం మానలేదు. తుంటి పుండు మానేదాకా నెలనెలా కోరుట్లకు పోయాడు. కొన్నేళ్లకు చేతితో తిప్పే మూడు చక్రాల బండి సంపాదించి, బీడీల కార్ఖానాకు తానే పోయేవాడు. నా పెండ్లికి దానిమీదే వచ్చి అందరికంటే ముందు కూర్చున్నాడు. ముసలితనం దాకా బతికాడు. చివరికి మూత్రపిండాలు చెడి జగిత్యాల దవాఖానలో పడ్డాడు. ఇన్నేళ్లు పడ్డ కష్టం చాలని, ఇక సూదులు గుచ్చి హింసించవద్దని, ఇంటికి తీసుకుపోదామని మావాళ్లంతా వరండాలో నిలబడి నిర్ణయించేశారు. నాకూ అదే సరైనదనిపించింది. అయినా లోపలికి పోయి, పక్కన కూర్చుని, ఏడవకుండా ఆయనను అడిగాను. ఆయన చాలాసేపు కప్పు వైపు చూశాడు. "ఇంకొన్ని దినాలుంట బిడ్డా. సూదియ్యిమను" అన్నాడు. నేను వెళ్లి డాక్టరుకు చెప్పాను. చిన్నబాపు ఇంకో నాలుగు నెలలు ఉన్నాడు. ఆ నాలుగు నెలల్లో మా మనవరాలు పుట్టింది. దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇప్పుడు మా చుట్టాల్లో ఎవరికి బాగాలేకున్నా నన్ను పిలుస్తారు. నాకు మందులు తెలియవు, మంత్రాలు తెలియవు. పోయి పక్కన కూర్చుంటాను. ఏం కాదులే అనడం నాకు రాదు. ఏం కావాలని అడుగుతాను. కొందరు నేను వినలేని జవాబు చెబుతారు. అయినా వింటాను. నోరు పడిపోయినవాళ్లయితే వాళ్లను చూస్తాను, నాకు కావాల్సిందాన్ని పక్కన పెట్టి చూడగలిగినంత చూస్తాను. అట్లా చూసినా పొరపాటు జరగవచ్చని నాకు తెలుసు. బెల్లం ఇంకొక్క రోజు ఎండలోకి పోవాలనుకుందో, మూడు రోజుల ముందే పోవాలనుకుందో, మేం చూసింది సరైనదో కాదో ఈ యాభై ఏళ్లలో నాకు తేలలేదు. ఇక తేలదు. ఆ తేలనిదాన్ని మోసుకునే ఎవరి మంచం పక్కనైనా కూర్చుంటాను. అయిపోయేదాకా చెయ్యి తీయను.